చింపింది మొఖం గాదు, మాట

మొఖం చింపలే. ఎన్నిసార్లు చెప్పాలె? తాత మొఖం మీద నా గోరు సుత వడలే. మీసాలు, తెల్ల రుమాలు, వంకర ముక్కు, ఫ్లెక్సీ షాపోడు మెడల అతికిచ్చిన బంతిపూల దండ, అన్నీ ఎట్లున్నయో అట్లనే ఉన్నయి. మొఖం కింద ఎర్రటి అచ్చరాలతోని ఒక మాట ఉండె. గా మాటనే చింపిన. ఎవ్వలకన్న డౌటుంటే పోయి చూసుకోండ్రి. మా బాయికాడ ఫ్లెక్సీ ఇంకా గట్లనే నిలవడి ఉంది. మాట ఉన్న జాగల బొక్క. బొక్కలకెళ్లి చూస్తె అవతలి కందిచేను కనవడుతది.

అయినా మా ఇంటోళ్ల గ్రూపుల పొద్దున లేస్తె ఇదే లొల్లి. "సచ్చినోని ఫ్లెక్సీ చింపుతదా? గింత షరం లేని పిల్లను నేనెక్కడ చూడలే" అని మా మేనత్త వాయిస్ మెసేజ్. బాపు నాతోని మాట్లాడుతలేడు. ఫ్లెక్సీ చేపిచ్చింది మా అన్న, అంటె పెద్దనాయిన కొడుకు. "పట్నంల పెరిగినదానికి ఊరి ఇజ్జత్ ఏం తెలుస్తది" అని రాసి కింద దండం బొమ్మ పెట్టిండు. నేను ఒక జవాబు టైపు చేసిన, కొట్టేసిన. మల్ల చేసిన, మల్ల కొట్టేసిన. గ్రూపుల రెండు ముక్కలల్ల చెప్పే ముచ్చట గాదు ఇది. అందుకే ఈడ రాస్తున్న. మొత్తం చదివినంకనే తిట్టుండ్రి.

తాత అంటే మా బాపు వాళ్ల నాయిన. కట్టంగూర్‌కాడ పెద్దరోడ్డు దిగి లోపటికి పోతే మా ఊరు. గొర్లమంద ఉన్న ఇల్లు మాది. నేను ఎండకాలం సెలవులకే పోయేది. నాకు ఎర్కైన కాడికి తాత అంటే గొంగడి, కట్టె, వంకర ముక్కు, ఉల్లిగడ్డ తీరు ముడుసుకపోయిన ఒక చెవు. గొర్రె పొడిచిందేమో అనుకునేదాన్ని.

ఊర్ల ఆయనకు ఇంకో పేరుండె. ఒకపారి దుకాణంకాడ ఒక ముసలాయన నన్ను చూసి, "ముష్టోని మనుమరాలు గదా ఈ పిల్ల?" అన్నడు. అది తిట్టు అని గూడ నాకు తెల్వదు. ఉరికి ఇంటికొచ్చి తాతనే అడిగిన.

"తాతా, నీ పేరు ముష్టోడా?"

ఆయన కట్టె అందుకొని మంద దిక్కు పోయిండు. అవ్వ నా నెత్తి మీద ఒక్కటి ఏసింది. ఎందుకేసిందో చెప్పలే.

ఇంకోటి ఉండె. తాత ఎవ్వల ముంగట చెయ్యి చాపడు. బోనాలనాడు పసాదం పెట్టవోతె చెయ్యి ఎన్కకు గుంజుకొని, "ఆకుల ఏసి ఆడ పెట్టు అయ్యా, తీసుకుంట" అంటడు. దుకాణపోడు చిల్లర బండ మీద పెట్టాలె, ఈయన ఏరుకుంటడు. బీపీ గోళీలు అవ్వ అరుగు మీద పెడ్తది, పక్కన నీళ్ల గిలాస. నేను పట్నంకెళ్లి చాక్లెట్ తెచ్చి చేతుల పెడ్దామంటె పిడికిలి ముడుస్తడు. "ఆడ పెట్టు బిడ్డా." నాకు మస్తు కోపం. నా చెయ్యేమన్న మురికిదా? ఒకసారి చాక్లెట్ గొర్లల్లకు ఇసిరికొట్టిన. ఒక మేకపిల్ల కాయితంతోని సహా నమిలింది. తాత నవ్విండు గని చెయ్యి మాత్రం చాపలే.

"మీ తాతకు జర తిక్క, పట్టిచ్చుకోకు" అనేది అమ్మ. నేను గూడ తిక్కే అనుకున్న.

పోయిన ఎండకాలం దాక గట్లనే అనుకున్న. ఆనాడు మంచంల కాళ్లు చాపుకొని ఫోన్ల రీల్సు చూస్తున్న. తాత కింద కూసొని కట్టెకు కత్తితోని నునుపు పెడుతుండు. "ఆ డబ్బల ఏముంటదే గంతగనం?" అనుకుంట మెడ చాపి చూసిండు. అప్పుడే బాక్సింగ్ వీడియో ఒకటొచ్చింది. నేను మీదికి జరుపవోతుంటె, "ఆగు ఆగు" అన్నడు. "ఆ నల్ల చెడ్డీ పోరడు ఎడమ చెయ్యి దించుతుండు. పడ్తది ఇప్పుడు."

పడ్డది. ఆ పోరడు తాళ్ల మీద ఒరిగిండు.

"నీకెట్ల ఎర్క తాతా?"

"ఎర్కనా? పడుసుతనమంత నేను చేసింది అదే పని గదనే."

"ఏం పని?"

"గుద్దులాట."

నాకు నవ్వొచ్చింది. "గుద్దులాట పనేంది తాతా?"

"నవ్వకు. మా నాయిన గూడ నీ లెక్కనే నమ్మలే."

అప్పుడు రికార్డింగ్ ఒత్తి ఫోన్ అరుగు మీద పెట్టిన. ఇప్పుడు నేను చెప్పేది ఆయన చెప్పిందే. నడుమ నడుమ గొర్లు ఒర్రుతయి, అవ్వ అంట్లు తోముతది, తాత దగ్గుతడు. ఇప్పటికి ఎన్నిసార్లు ఇన్ననో లెక్కలేదు.

పోలీస్ యాక్షన్ నాటి గడబిడలు సల్లవడి ఊర్లల్ల జనం మల్ల నిమ్మలంగ పండుకుంటున్న ఏండ్లు అవి. తాత వాళ్ల నాయిన, అంటె మా ముత్తాత, పొట్టేళ్లను అమ్మెతందుకు లష్కర్ దాక నడిపిచ్చుకుంట తోలుకపొయ్యేది. సికింద్రాబాద్‌ను అప్పుడు అందరు లష్కరే అందురు. ఒకపారి కొడుకును తోలుకపోయిండు. బజార్ల ఒక పొట్టేలు తాడు తెంపుకొని ఉరికింది. దాని ఎంబడి తాత ఉరికిండు. అది పోయి ఒక పాత గోదాముల సొచ్చింది. లోపట నాలుగు గుంజలు పాతి తాళ్లు కట్టిండ్రు. నడుమ బనీన్లతోని ఇద్దరు కొట్టుకుంటున్నరు.

"గొర్ల దొడ్డి లెక్కనే ఉండె బిడ్డా. మనుషులను దొడ్డిల తోలిండ్రేందిరా అనుకున్న" అంటడు రికార్డింగుల.

తాత పొట్టేలును మరిచిపోయిండు. ఆడ ఫౌజుల చేసి వచ్చిన ముసలి ఉస్తాద్ ఒకాయన ఉండె. పొట్టేలును కొమ్ములు వట్టి ఆపి, ఈ పోరని భుజాలు చూసిండు, చేతులు చూసిండు. "రేపు రా" అన్నడు. ముత్తాత పొట్టేళ్లను అమ్మి ఊరికి తిరిగొచ్చిండు. తాత రాలే. మిల్లుల కొలువు దొరికింది నాయినా, ఈడనే ఉంట అన్నడు. అది అబద్ధం గాదు. పొద్దంత మిల్లుల బేళ్లు మోసుడు, మాపటీలి ఉస్తాద్ కాడ గుద్దులాట.

ఉస్తాద్ కాడ ముందుగాల కొట్టుడు నేర్పరట. నిలవడుడు నేర్పుతరట. ఎడమ కాలు ముంగట, గదుమ కిందికి, పిడికిళ్లు చెంపల కాడ. రోజులకు రోజులు గట్ల నిలవడుడే. "మంద కాసేటోనికి నిలవడుడు ఎవ్వడు నేర్పాలె? ఉస్తాదే పరేషాన్ అయిండు" అని తాత గర్వంగ చెప్తడు. గ్లౌజులకు పాత తోలు వాసన వచ్చేదట. ఊరి వాసన లెక్కనే ఉండేదట. అందుకే ఇష్టమట.

ముక్కు ఇరిగింది ఒక సిపాయితోని కొట్లాటల. మొదటి రౌండ్లనే పలిగింది. నెత్తురు నోట్లకు కారుతుంటె మింగుకుంట ఆడిండు. గంట కొట్టిండ్రు. "ఆ గంట ఇంటె నాకు మా ముదురు గొర్రె మెడల గంట యాదికొచ్చింది బిడ్డా. మంద ఇంటికి మళ్లింది, నేనొక్కన్నే ఈడున్న అనిపిచ్చింది." తర్వాతి రౌండ్ల సిపాయి డొక్కల తాత ఎడమ చెయ్యి దిగింది. సిపాయి మోకాళ్ల మీద కూలిండు. జనం లేచి "ముక్కేబాజ్! ముక్కేబాజ్!" అని ఒర్రిండ్రు. ఉర్దూల ముక్కా అంటె గుద్దు. గుద్దులు గుద్దేటోడు ముక్కేబాజ్. ఆ మాట చెప్పేటప్పుడు తాత గొంతు మారుతది. నాకు ఎర్క, ఎన్నిసార్లిన్నా ఆడ మారుతది.

మిల్లు మాలకుకు, అంటె ఓనరుకు, వాలీబాల్ పిచ్చి ఉండె. తాత ఒకనాడు ఉత్తగనే బాల్‌ను పిడికిలితోని ఏసి కొడితె అవతలోళ్లు అందుకోలేకపోయిండ్రు. అందరు అరచేత్తోని ఏసే సర్వీసు ఈయన ముడిచిన పిడికిలితోని ఏస్తడు. ఇగ బేళ్లు మోసుడు బంద్. ఆడుడే కొలువు, ఆడినందుకే జీతం. పాలమూరు దిక్కు షాద్‌నగర్‌ల, ఇటు నల్లగొండ జిల్లాల, యాడ పందెం పెట్టినా ఈయనను కిరాయికి పిలుచుకపోయేటోళ్లు. గుద్దులాట పేరు కోసం, బాలాట బువ్వ కోసం. ఇంటికి మాత్రం మిల్లు కొలువు అనే చెప్పిండు. ఆట ఆడితె జీతమిస్తరంటె ఊర్ల ఎవ్వడు నమ్ముతడు?

ఇగ ఆ మాట ఎట్ల వడ్డదో చెప్త.

ఆంధ్ర, తెలంగాణ కలిసిన కొత్తల. ఊరి బడికి కోస్తా దిక్కుకెళ్లి ఒక సారు వచ్చిండు. మంచోడు. ఇది తాత మాటే, నా మాట గాదు. ఆ సారు పని మీద లష్కర్ పోయి తాత కొట్లాట కండ్లార చూసిండు. మన ఊరి పిల్లగాడు ఇంత మొనగాడా అని సంబురపడ్డడు. బడిల జల్స, అంటె సభ, పెట్టి తాతను పిలిపిచ్చిండు. మైకు తెప్పిచ్చిండు. ఊరంత వచ్చింది. ముత్తాత గొంగడి మడిచి ముంగటి వరుసల ఏసుకొని కూసున్నడు. జిందగీల మొదటిపారి ఆయన కొడుకును మైకుల పిలువవోతున్నరు.

సారు దండ ఏసి, గొంతు సవరిచ్చుకొని, పుస్తకం తెలుగుల చెప్పిండు. "మన ఊరి ముద్దుబిడ్డ, నగరంలో పేరు మోసిన ముష్టియోధుడు!"

 అప్పుడు ఎన్కకెళ్లి ఎవ్వడో, "ఏందీ? లష్కర్ల ముష్టెత్తిండా?" అన్నడు.

ఇంకొకడు, "అందుకేనా ముక్కట్లయింది? టేషన్ కాడ పోలీసోళ్లు తన్నిండ్రేమో."

నవ్వులు. నవ్వి నవ్వి ఆడోళ్లు కొంగులు నోట్ల కుక్కుకున్నరట. ముష్టి అంటే మనకు ఒక్కటే. జోలె ఏసుకొని ఇల్లిల్లు తిరిగేటోనికి ఏసే పిడికెడు గింజలు. ముత్తాత లేచిండు. గొంగడి దులిపిండు. భుజాన ఏసుకొని ఎవ్వల దిక్కు చూడకుంట ఇంటికి పోయిండు. తాత మెడల దండతోని ఆడనే నిలవడ్డడు.

జల్స అయినంక తాత అడిగిండు. "సారూ, ముష్టి అంటె ఏంది?"

"పిడికిలయ్యా! సంస్కృతం. పిడికిళ్లతో చేసే యుద్ధం కనుక ముష్టియుద్ధం."

"మా ఊర్ల సంస్కృతం ఎవ్వనికొచ్చు సారూ?"

సారుకు అప్పుడు సమజయింది. పాపం, తెల్లారి మా ఇంటికొచ్చి దొడ్డికాడ ముత్తాతకు నచ్చజెప్పవోయిండు. "అయ్యా, మీరు పొరబడ్డారండీ. ముష్టి అంటే ముష్టి కాదండీ."

"ముష్టి అంటె ముష్టి గాకపోతె మక్కగటుకనా?" అన్నడు ముత్తాత. "మా కొట్టంకాడికి వచ్చినోనికి పిడికెడు పెట్టినోళ్లం సారూ. చెయ్యి చాపినోళ్లం గాదు. నా కొడుకును ఊరి ముంగట ముష్టోడన్నవ్. ఇప్పుడు నా ముంగట కాదంటున్నవ్. ఏది నమ్మాలె?"

సారు ఎల్లిపోయినంక, అది గుద్దులాట నాయినా అని తాత అంటె, ముత్తాత కొడుకును దొడ్డి నడుమ నిలవెట్టిండు. "నువ్వు చేసే పని గుద్దులాటే అయితె నన్ను గుద్దు. చూస్త."

తాత చేతులు వాటంతల అవే చెంపల కాడికి లేచినయట. ముంగట నాయిన మొఖం. మల్ల దించుకున్నడు. తాళ్ల అవతల ఉన్నోని మీద చెయ్యి లేపితె ఆ చెయ్యి చెయ్యే గాదని ఉస్తాద్ ఒట్టు పెట్టిచ్చుకున్నడు. అయినా ఒట్టు లేకున్నా నాయిననెట్ల గుద్దుతడు?

"గుద్దుమంటె గుద్దనోనివి నువ్వేం గుద్దులాటోనివిరా" అన్నడు ముత్తాత. అన్నంక జరంత మెల్లగ, "ఆకలైతుండెనా ఆడ?" అని అడిగిండు.

తాత ఆ రెండో మాటను అప్పుడు పట్టిచ్చుకోలే. మొదటి మాటే గుచ్చుకుంది. గుద్దులాట ఊర్ల చూపియ్యలేం, అవతల ఇంకొకడు ఉండాలె. బాలాట అయితె చూపియ్యొచ్చు అనుకున్నడు. ఒక ఎండకాలం నార్కట్‌పల్లి కాడ పెద్ద పందెం పెట్టిండ్రు. తాతను కిరాయికి పిలిచిండ్రు. ఇంటికొచ్చి నాయిన కాళ్లకాడ కూసున్నడు. "నాయినా, ఒక్కపారి రా. నేను చేసే పని నీ కండ్లతోని చూడు. అటెన్క నువ్వేమన్నా పడ్త." ముత్తాత వస్త అనలే, రాను అనలే.

పందెం నాడు మైదానం చుట్టు జనం. తాత ఆట మొదలువెట్టినప్పటికెళ్లి రోడ్డు దిక్కే చూస్తుండు. నాయిన కనవడలే. అయినా జీవి పెట్టి ఆడిండు. ఆఖరి ఆటల సర్వీసు మీద సర్వీసు, పిడికిలి వాసిపోయింది. గెలిచిండ్రు. పోరగాళ్లు భుజాల మీద ఎత్తుకున్నరు.

అప్పట్ల ఒక రివాజు ఉండె. గెలిపిచ్చినోనికి కొత్త తువ్వాల ఇస్తరు. ఆయన దాన్ని రెండు చేతులల్ల పరిచి పట్టుకొని మైదానం చుట్టు ఒక్క తిరుగుడు తిరుగుతడు. చూసెతందుకు వచ్చినోళ్లు ఎవ్వలకు తోచింది వాళ్లు ఇనామ్ ఏస్తరు. తువ్వాల ఎంత బరువైతె అంత ఇజ్జత్. పెద్దపెద్దోళ్లే లేచి ఏసేటోళ్లు.

తాత తువ్వాల పరిచిండు. తిరుగుతుండు. నవ్వుతుండు. తుమ్మచెట్టు కాడ మూల తిరిగేటాల్లకు నాయిన. మందను రోడ్డు పక్కపొంటి ఆపి, ఒక్కడే వచ్చి, జనం ఎన్క నిలవడ్డడు. అప్పుడే వచ్చిండు. ఆట చూడలే.

"మా నాయిన వచ్చిండని నాకు పట్టరాని సంబురం బిడ్డా. ఆయన దిక్కే ఉరికిన. తువ్వాల గట్లనే పట్టుకొని."

ఈడ రికార్డింగుల ఒక గొర్రె దగ్గుతది. అవ్వ అంట్లు ఆపినట్టుంది.

ముత్తాత కొడుకు మొఖం దిక్కు చూసిండు. తువ్వాల దిక్కు చూసిండు. నడుముకు కట్టుకున్న మూట ఇప్పిండు. పగటీలికని తెచ్చుకున్న జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ. అన్నీ తీసి తువ్వాలల పెట్టిండు. ఒక్కటి సుత తనకు ఉంచుకోలే. పెట్టి, మందను మళ్లేసుకొని పోయిండు.

నేను మంచం దిగిన. "ఎంబడి ఉరికి చెప్పకపోయినవా తాతా? నోరు లేదా నీకు?" అని ఒర్రిన. నిజంగనే ఒర్రిన, రికార్డింగుల ఉంది.

"చెప్పిన. ఇంటికొచ్చి చెప్పిన. నాయినా, అది ఇనామ్ అన్న. ఇనామ్ అంటె దొర పిలిచి ఇచ్చేది కొడుకా, తువ్వాల పరిస్తె ఏసేది ముష్టి అన్నడు. బాక్సింగ్ అంటె ఆయనకు తెల్వదు. ముక్కేబాజీ అంటె తెల్వదు. గుద్దులాట అంటె పోరగాళ్లు బడికాడ చేసేది. ఆయనకు తెలిసిన మాట ఒక్కటే, సారు చెప్పింది. ఇంకే మాట తేవాలె బిడ్డా?"

కొట్టలే, తిట్టలే ముత్తాత. తిడితె మంచిగుండు అంటడు తాత. దొడ్డిల కూసొని ఏడ్చిండట. "ఆకలైతె ఇంటికి రావాలె గదరా. ఇన్నేండ్లు నువ్వు ఆడ అడుక్కతింటుంటె నేనీడ కడుపునిండ తిన్న గదరా" అన్నడట. మందల మంచి మంచి గొర్లను ఏరి, చెవులకు కొత్త గురుతు పెట్టి, ఇవి నీయి అన్నడు. కొడుకు చెయ్యి పట్టుకొని, అరచెయ్యి తెరిచి, దాని మీద తన చెయ్యి ఏసి ఒట్టు తీసుకున్నడు. "నా పాణం ఉన్నా లేకున్నా ఇంకొకని ముంగట ఈ చెయ్యి చాపకు."

తాత చాపలే. లష్కర్ పోలే. ఉస్తాద్‌కు చెప్పిరాలే. గ్లౌజులు ఆడనే ఉండిపోయినయి. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి కిరాయికి పిలువ వచ్చినోళ్లను వాకిట్లకెళ్లే తోలిండు. కట్టె పట్టుకున్నడు. బాలాటకు చెయ్యి చాపుడెందుకు తాతా, అది వేరే గదా అంటే, "గెలిస్తె తువ్వాల ఇస్తరు గదా బిడ్డా" అన్నడు.

నాలుగు వానకాలాలు పోయినంక ముత్తాత మంచంల వడ్డడు. ఆఖరికి పక్కింటోళ్లను పిలిచి, "నేను పోయినంక నా కొడుకుకు జర బువ్వ అర్సుకోండ్రి, అడుగుడు వానికి అలవాటైంది" అన్నడట. తాత అప్పుడు ఆ మంచం పట్టె మీదనే కూసొని ఉన్నడు.

గిది ఇన్నంక నేను ఆయనకు చేతుల ఏది పెట్టవోలే. అరుగు మీద పెట్టిన.

మొన్న చలికాలం ఊపిరి ఆడకపోతె నల్లగొండ దవాఖానకు తోలుకపోయినం. నర్సు వచ్చి నెత్తురు తీసెతందుకు నరం దొరుకుతలేదని చెయ్యి తట్టింది. "పిడికిలి బిగబట్టు తాతా, గట్టిగ."

తాత నా దిక్కు చూసిండు. మంచంల పండుకున్న మనిషి, మెల్లగ ఆ చేతిని చెంపకాడి దాక తెచ్చుకొని పిడికిలి బిగబట్టిండు.

"గట్ల మీదికి గాదు తాతా, కిందికి" అన్నది నర్సు.

నవ్విండు. నేనే ఆ చెయ్యి కిందికి దించిన. ఎంత బరువున్నదో. తాత మల్ల పాణంతోని ఇంటికి రాలే.

ఊరికి తెచ్చినంక కులపెద్ద ఒకాయన రివాజని రూపాయి బిళ్ల తెచ్చి తాత అరచేతుల పెట్టవోయిండు. అవ్వ అప్పటిదాక ఏడ్సుకుంట కూసున్నది, లేచి ఆయన చెయ్యి పట్టుకున్నది. "చేతుల ఒద్దు. పక్కపొంటి పెట్టు." ఆయనకు సమజ్ గాలే. నాకయింది. అవ్వ, నేను ఒకలనొకలం చూసుకున్నం.

బాయికాడ వాళ్ల నాయిన పక్కపొంటే పండవెట్టినం. తాత అడిగింది గదొక్కటే. "ఆడ జాగా ఉంచుండ్రి, పోయినంక మా నాయినకు చెప్పాలె, నేను అడుక్కోలేదని" అన్నడు నాతోని. అది గూడ ఫోన్ల ఉంది.

పదొద్దులనాడు అన్న ఫ్లెక్సీ తెచ్చిండు. తప్పు మనసుతోని తేలే, నాకు ఎర్కే. తాత ఒకప్పుడు బాక్సర్ అని నేనే ఆయనకు చెప్పిన. తాత ఇజ్జత్ ఊరికి తెల్వాలె అని సొంతంగ ఆలోచన చేసిండు. నార్కట్‌పల్లి షాపుల కూసొని బాక్సర్‌ను తెలుగుల ఏమంటరో ఫోన్ల ఎతికిండు. బాయికాడ గోరీల ముంగట రెండు కట్టెలు పాతి నిలవెట్టిండు. "ప్రముఖ ముష్టియోధులు." దాని కింద చిన్నగ వాలీబాల్ క్రీడాకారులు.

భోజనాలకు వచ్చిన ముసలోళ్లు ముగ్గురు దాని ముంగట ఆగిండ్రు. ఒకాయన కూడబలుక్కొని చదివిండు. "ము... ష్టి..." పక్కాయన భుజం మీద చరిచిండు. "చూసినవారా? సచ్చినా ముష్టి ఇడువలే!"

అప్పుడు నా చేతుల ఇస్తారి ఉండె. అది కింద పెట్టినో పారేసిననో యాదికి లేదు. పోయి గా మాట ఉన్న పట్టీని రెండు చేతులతోని గుంజిన. ఫ్లెక్సీ గట్టిది, ఊకనే చినగదు. పండ్లతోని కొరికి చింపిన. ఎన్కకెళ్లి ఎవ్వలో కేకలు పెడుతున్నరు. బాపు నా రెక్క పట్టుకున్నడు. అవ్వ మాత్రం వాళ్లతోని, "చింపనియ్యిండ్రి" అన్నది. గది ఎవ్వలు గ్రూపుల రాస్తలేరు.

అన్న అంటడు, నిఘంటువుల అదే ఉంది, కరెక్ట్ మాట అని. నేను గూడ చూసిన. ఉంది. సారు గూడ ఆనాడు తప్పు మాట చెప్పలే, అన్నా. కరెక్ట్ మాటే చెప్పిండు. గుద్దులాట అంటె సాలు గదా, పసిపిల్లకు సుత తెలుస్తది. కరెక్ట్ మాట దొరికిందని మన మాటను పారేసుకుంటమా?

ముత్తాతకు చదువు రాదు, ఆయన మన్నుల కలిసి ఎన్నేండ్లయిందో, ఆయన చదువుతడా అని కూడ అడిగిండు అన్న. గ్రూపుల నవ్వు బొమ్మలు పెట్టిండ్రు. సరే, చదువడు. సచ్చినోళ్లు చదువకపోతె, మరి గోరీల కాడ ఫ్లెక్సీ ఎవ్వల కోసం పెట్టినవ్? రొట్టెలన్నీ కొడుకు తువ్వాలల పెట్టి ఉపాసం పోయిన మనిషి పక్కన, నేను అడుక్కోలే నాయినా అని చెప్పెతందుకు ఇన్నేండ్లు పిడికిలి ముడుసుకొని ఎదురుచూసిన కొడుకు పండుకున్నడు. వాళ్లిద్దరి నెత్తి మీద గా మాట ఎగురుతుంటె ఇస్తారి ముంగటేసుకొని బువ్వ తింటుండ్రా మీరైతే?